అర్ధరాత్రి తలుపు తట్టినప్పుడు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఇవాళ కోర్టు తీర్పుల గురించి మాట్లాడబోతున్నాను అనగానే మీలో కొందరు రేడియో కట్టేసి పోపు పెట్టుకోడానికి లేచిపోతారేమోనని నా భయం. కోర్టులూ, చట్టాలూ మగవాళ్ళ గొడవ, మనకెందుకులే అనుకోవడం మనకి అలవాటు. పైగా 'ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు' అనే సామెత వుండనే వుంది. నేనూ మొన్న మొన్నటి దాకా అలా అనుకున్నదాన్నే. పదో తరగతితో చదువు ఆపేసి కాపురానికి వచ్చినదాన్ని. రాజ్యాంగం అంటే ఆగస్టు 15కీ, జనవరి 26కీ ఉపన్యాసాల్లో వినిపించే మాట అనుకునేదాన్ని. అది ఇంటి తలుపు గడియ దాకా వచ్చే విషయమని మా ఇంట్లో ఒక ఉంగరం పోయాక తెలిసింది.

రెండు మూడేళ్ళ క్రితం మా అత్తగారి నవరత్నాల ఉంగరం కనిపించకుండా పోయింది. ఇల్లంతా వెతికాం. బియ్యం డబ్బాలు బోర్లించాం, పరుపులు దులిపాం. చివరికి మావారు పోలీసు రిపోర్టిచ్చారు. కానిస్టేబులొకాయన ఇంటికొచ్చి, 'ఇంట్లోకి వచ్చిపోయే వాళ్ళెవరమ్మా?' అని అడిగాడు. పాలబ్బాయి, పనిమనిషి అన్నాను. పనిమనిషి మొగుడేం చేస్తాడన్నాడు. ఆటో నడుపుతాడన్నాను. అక్కడితో ఆపినా బాగుండేది. 'పెళ్ళికి ముందెప్పుడో ఏదో కేసులో అనుమానం మీద పట్టుకెళ్ళి వదిలేశారట' అని కూడా అనేశాను. ఆ సంగతి ఆ అమ్మాయి ఒకనాడు నాకు మనసు విప్పి చెప్పుకున్నది. నోరు జారి నేను దాన్ని గడప దాటించేశాను.

ఉంగరం ఇప్పటికీ దొరకలేదు. ఎవరు తీశారో, అసలెవరైనా తీశారో, స్నానాల గది తూములోనే జారిపోయిందో దేవుడికే తెలియాలి. కాని శిక్ష మాత్రం ఒక ఇంటికి పడింది. అతన్ని పిలిచి అడిగారు, ఏమీ తేలక పంపేశారు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఎక్కడ ఏ సామాను పోయినా, రాత్రి పన్నెండుకో ఒంటిగంటకో వాళ్ళ తలుపు మీద లాఠీ చప్పుడే. 'వున్నాడా, ఊరొదిలాడా? బయటికి రమ్మను' అని కేకలు. వాళ్ళది ఒకటే గది. తండ్రిని లేపితే పిల్లలూ లేవాల్సిందే. పెద్దపిల్లకి ఆ ఏడే పదో తరగతి పరీక్షలు. ఒకరోజు ఆ తల్లి అంట్లు తోముతూ తోముతూ పంపు దగ్గరే గోడకి ఆనుకుని కునుకు తీసింది. అడిగితే ఇదంతా చెప్పింది. పాతకేసు సంగతి పోలీసులకి ఎవరి ద్వారా తెలిసిందో ఆమెకి తెలుసు. అయినా నన్ను ఒక్క మాట అనలేదు. అననందుకే నాకు తలెత్తుకోవడం కష్టమయింది.

మా పెద్దన్నయ్య ప్లీడరు. ఆ సాయంత్రమే ఫోను చేసి, 'అన్నయ్యా, అలా రాత్రిళ్ళు వచ్చి తలుపు కొట్టొచ్చా వాళ్ళు?' అని అడిగాను. 'కూడదని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పిందే పిచ్చిదానా' అన్నాడు. ఆదివారం భోజనానికి వచ్చి ఆ కథంతా చెప్పాడు. అందులో నాకు బోధపడింది మీకు చెప్తాను.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే అతను వుండేవాడు. 1941లో ఒక దోపిడీ కేసులో అతన్ని అరెస్టు చేశారు. సాక్ష్యం లేదని వదిలేశారు. కాని పోలీసులు అతని పేరున ఒక 'హిస్టరీ షీటు' తెరిచారు. అంటే ఇతని మీద కన్నేసి వుంచాలి అని రాసుకున్న చిట్టా అన్నమాట. ఆ రాష్ట్రం పోలీసు నిబంధనల్లో అలా కన్నేసి వుంచడానికి కొన్ని పద్ధతులున్నాయి. ఇంటి దగ్గర రహస్యంగా కాపు కాయడం, రాత్రిపూట ఇంటికి వెళ్ళి చూడటం, ఎక్కడికి వెళ్తున్నాడు, ఎవరు వస్తున్నారు అని వాకబు చేయడం, ఇవీ అవి. చౌకీదారూ, కానిస్టేబుళ్ళూ రాత్రిళ్ళు వచ్చి తలుపు తట్టి కేకలేసి నిద్ర లేపుతున్నారనీ, ఒక్కోసారి లేపి స్టేషన్‌కి కూడా నడిపిస్తున్నారనీ, పక్క ఊరికి వెళ్ళాలన్నా ముందు చెప్పి వెళ్ళాలంటున్నారనీ ఖరక్ సింగ్ సుప్రీంకోర్టుకి మొరపెట్టుకున్నాడు. మా పనిమనిషి పంపు దగ్గర చెప్పిన మాటలకీ, అతను అరవై ఏళ్ళ క్రితం చెప్పిన మాటలకీ నాకైతే తేడా కనిపించలేదు.

మన రాజ్యాంగంలో 21వ అధికరణం అని ఒకటుంది. చట్టం నిర్ణయించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నిగాని, వ్యక్తి స్వేచ్ఛనిగాని తీసేయకూడదు అని దాని సారాంశం. ఒక్క వాక్యం. చదివితే అరనిమిషం పట్టదు. కాని ఆ 'వ్యక్తి స్వేచ్ఛ'లో ఏమేమి వున్నాయి అన్నదాని మీద ఎన్నో ఏళ్ళు వాదాలు నడిచాయి. ఒక మనిషి తన ఇంట్లో తాను కంటినిండా నిద్రపోవడం కూడా ఆ స్వేచ్ఛలోకి వస్తుందా? ఖరక్ సింగ్ కేసులో ప్రశ్న అదే.

1962 డిసెంబర్ 18న ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాత్రిపూట ఇళ్ళకి వెళ్ళి లేపడం చెల్లదన్నారు. ఎందుకంటే ఆ నిబంధన శాసనసభ చేసిన చట్టం కాదు, పోలీసు శాఖ తన వాళ్ళ కోసం రాసుకున్న ఆదేశం మాత్రమే. చట్టం అండ లేకుండా ఒకరి ఇంట్లో జొరబడి నిద్ర పాడుచేయడం వ్యక్తి స్వేచ్ఛకి భంగం అన్నారు. అంతవరకు బాగుంది. కాని అదే తీర్పులో, మిగతా నిఘా పద్ధతులు చెల్లుతాయనీ, ఎవరి గుట్టు వారి దగ్గర వుంచుకునే హక్కు మన రాజ్యాంగంలో హామీ ఇచ్చిన హక్కు కాదనీ ఎక్కువమంది న్యాయమూర్తులు అన్నారు. ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో తీసుకున్నట్టయింది.

ఇద్దరు మాత్రం దీనికి ఒప్పుకోలేదు. వారిలో తీర్పు రాసినది మన తెలుగువాడే, జస్టిస్ కోకా సుబ్బారావుగారు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకి ప్రధాన న్యాయమూర్తిగా చేసి, సుప్రీంకోర్టుకి వెళ్ళిన ఆయన. తర్వాత 1966లో దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన వాదన నాకు అర్థమైనంతలో ఇది. మనిషిని గదిలో పెట్టి తాళం వేస్తేనే స్వేచ్ఛ పోయినట్టు కాదు. వెనకాల ఎప్పుడూ ఒక కన్ను వెంటాడుతుంటే, ఆ మనిషి వీధిలో నడుస్తున్నా అది స్వేచ్ఛగా నడవడం కాదు. అతనికి దేశమంతా జైలే అవుతుంది. ఇల్లనేది భార్యాబిడ్డలతో వుండే చోటు, మనిషికి కోట లాంటిది. కాబట్టి గోప్యత అనే మాట రాజ్యాంగంలో అక్షరాలా లేకపోయినా, వ్యక్తి స్వేచ్ఛలో అది విడదీయలేని భాగం. ఆ నిఘా నిబంధన మొత్తం కొట్టేయాలని ఆయన రాశారు.

కాని ఎక్కువమంది మాటే చెల్లుతుంది కదా! ఆయనది భిన్నాభిప్రాయంగా పుస్తకాల్లో మిగిలిపోయింది. 'ఓడిపోయిన మాట రాసి ఏం లాభం అన్నయ్యా?' అన్నాను. 'మీ అటక మీద ఇత్తడి గంగాళం వుంది కదా, రోజూ వాడుతున్నావా? అలాగని పారేశావా?' అన్నాడు. నిజమే. ఏళ్ళ తరబడి నల్లబడి వుంటుంది. ఒక శుభకార్యానికి దింపి చింతపండు పెట్టి తోమితే తళతళలాడుతుంది. భిన్నాభిప్రాయం కూడా అలాంటిదేనట. ఆ గంగాళం కిందికి దిగడానికి 55 ఏళ్ళు పట్టింది.

ఈ మధ్యకాలంలో ఏం జరిగిందో క్లుప్తంగా చెప్తాను. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. విచారణ లేకుండా ఎంతోమందిని జైళ్ళలో పెట్టారు. మామూలు రోజుల్లో అయితే అలా పట్టుకుపోయిన మనిషి తరఫున హెబియస్ కార్పస్ అనే అర్జీ వేయొచ్చు. 'ఆ మనిషిని మా ముందు నిలబెట్టండి, ఎందుకు పట్టుకున్నారో చెప్పండి' అని కోర్టు అడుగుతుంది. ఎమర్జెన్సీలో ఆ అర్జీ వేసే హక్కు కూడా లేదని ప్రభుత్వం అంది. తొమ్మిది హైకోర్టులు ఆ వాదన ఒప్పుకోలేదు. కాని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టులో ఐదుగురిలో నలుగురు ప్రభుత్వం వైపే తీర్పు చెప్పారు. కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. 1977 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి పదవి వరస ప్రకారం ఆయనకి రావాలి. ఆయన్ని దాటి తర్వాతి వారికి ఇచ్చారు. ఆయన రాజీనామా చేసి వెళ్ళిపోయారు.

ఆ తప్పు దిద్దుబాటు మెల్లిమెల్లిగా జరిగింది. 1978 జనవరిలో మేనకా గాంధీగారి పాస్‌పోర్టు కేసులో సుప్రీంకోర్టు, చట్టంలో ఏదో ఒక పద్ధతి రాసి వుంటే చాలదు, ఆ పద్ధతి న్యాయంగా, సబబుగా వుండాలి అంది. అదే ఏడు చేసిన 44వ రాజ్యాంగ సవరణతో, ఎమర్జెన్సీ వచ్చినా సరే 21వ అధికరణాన్ని పక్కన పెట్టడానికి వీల్లేకుండా పోయింది.

ఇక గంగాళం దిగిన రోజు 2017 ఆగస్టు 24. కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి రిటైరైన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామిగారు ఆధార్ పథకం మీద 2012లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. అప్పటికే ఎనభై దాటిన వృద్ధులు. వాదనలో ప్రభుత్వం, 'గోప్యత హక్కు లేదని ఖరక్ సింగ్ కేసులో మీరే అన్నారు కదా' అని పాత తీర్పు చూపించింది. అందువల్ల ఆ ఒక్క ప్రశ్న తేల్చడానికి తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూర్చున్నారు. వారిలో మన కృష్ణా జిల్లాకి చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్‌గారు ఒకరు. తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా, గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. 1962లో సుబ్బారావుగారు అన్నదే సరైన మాట అని తేలింది. ఆయన 1976లోనే కాలం చేశారు, వినడానికి లేరు.

ఆ రోజు ఇంకో సంగతి కూడా జరిగింది. 1976 నాటి ఎమర్జెన్సీ తీర్పు తప్పు అని కూడా ఆ న్యాయమూర్తులు కొట్టేశారు. ఆ మాట రాసినది జస్టిస్ డి.వై. చంద్రచూడ్. 1976లో ఆ తీర్పు ఇచ్చిన నలుగురిలో ఒకరు ఆయన తండ్రి, జస్టిస్ వై.వి. చంద్రచూడ్. తండ్రి తీర్పు తప్పని కొడుకు కలం రాసింది. మన ఇళ్ళల్లో తాతల నాటి తప్పు ఒకటి ఒప్పుకోవాలంటేనే ఎంత మథనపడతామో గుర్తు తెచ్చుకోండి.

గోప్యత అనే మాట కాస్త పత్రికల మాటలా వుంటుంది గాని, గుట్టు అంటే మనకి బాగా తెలుసు. ఇంటి గుట్టు లంకకి చేటు అని చిన్నప్పటినుంచీ వింటున్నాం. అయితే మన గుట్టు దాచుకోవడమే మనకి తెలుసు. పక్కవాళ్ళకీ, మన ఇంట్లో పనిచేసే వాళ్ళకీ ఒక గుట్టుంటుందని, దానికీ అంతే విలువని మరిచిపోతాం. రాజ్యాంగం అలా మరిచిపోదు. మేడలో వున్నవాళ్ళ తలుపుకీ, ఒంటిగది రేకుల షెడ్డు తలుపుకీ దాని దృష్టిలో తేడా లేదు.

అలాగని ఈ హక్కుకి హద్దులు లేకపోలేదు. చట్టం వుండి, దానికి తగిన కారణం వుండి, అవసరానికి మించకుండా అయితే ప్రభుత్వం కొంత జోక్యం చేసుకోవచ్చు. 2018 సెప్టెంబరులో ఆధార్ మీద తీర్పు వచ్చినప్పుడు ఇదే చూశాం. ప్రభుత్వం ఇచ్చే సాయాలకీ, పాన్ కార్డుకీ ఆధార్ అడగొచ్చన్నారు. బ్యాంకు ఖాతాకి, ఫోను సిమ్ముకి, పిల్లల్ని బడిలో చేర్చుకోడానికి అది వుండి తీరాలని బలవంతం చేయకూడదన్నారు.

మరి మన ఇంట్లోనే, మొగుడూ పెళ్ళాల మధ్య? భార్య ఫోనులో మాట్లాడుకునే మాటలు ఆమెకి తెలియకుండా భర్త రికార్డు చేసి విడాకుల కేసులో చూపించబోతే, 2007లో మన హైకోర్టు అది ఆమె గోప్యతకి భంగమేనంది. కాని 2025 జూలైలో, మరో రాష్ట్రం నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు వేరుగా చెప్పింది. భార్యాభర్తల మధ్య నడిచే కేసుల్లో, వాళ్ళిద్దరి సంభాషణని ఒకరు చాటుగా రికార్డు చేసినా, దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చంది. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునే దాకా వచ్చిందంటే ఆ కాపురం అప్పటికే చెడిందన్నట్టు ఆలోచించింది. మనకి నచ్చినా నచ్చకపోయినా ఇప్పుడు నిలిచి వున్నది ఈ మాట. తెలుసుకుని మసలుకోవడం మంచిది.

ఇక మనకి నేరుగా పనికొచ్చే సంగతులు నాలుగు చెప్తాను. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి.

మొదటిది. కేసు దర్యాప్తులో సాక్షిగా అడగవలసి వచ్చినా, ఆడవాళ్ళని పోలీసు స్టేషన్‌కి రమ్మని బలవంతపెట్టకూడదు. వాళ్ళే మన ఇంటికి వచ్చి అడగాలి. ఒరిస్సా ముఖ్యమంత్రిగా చేసిన నందినీ శత్పథిగారిని కటక్‌లో పోలీసు స్టేషన్‌కి పిలిచినప్పుడు, 1978లో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా గుర్తు చేసింది. తనమీదికే నేరం వచ్చే ప్రశ్నకి జవాబు చెప్పకుండా వుండే హక్కు కూడా మనిషికి వుందని ఆ తీర్పులోనే అన్నారు. 2024 జూలై 1 నుంచి అమల్లో వున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఈ నియమం వుంది. 15 ఏళ్ళ లోపు పిల్లలకీ, 60 దాటిన మగవాళ్ళకీ, వికలాంగులకీ, తీవ్రంగా జబ్బుపడిన వాళ్ళకీ కూడా ఇది వర్తిస్తుంది.

రెండోది. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్ళని అరెస్టు చేయకూడదు. తప్పనిసరి అయితే మహిళా పోలీసు అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి.

మూడోది. ఎవర్ని అరెస్టు చేసినా, చేసేవారి పేరు కనబడేలా బిళ్ళ వుండాలి. అరెస్టు చేసినట్టు కాగితం రాసి, ఇంటివాళ్ళలో ఒకరిచేతగాని, ఆ ప్రాంతం పెద్దమనిషి చేతగాని సాక్షి సంతకం పెట్టించాలి. దగ్గరివాళ్ళకి కబురు చెప్పాలి. ఇవన్నీ 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు విధించిన నియమాలు. ప్రయాణానికి పట్టే సమయం పోగా 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరు పెట్టాలన్నది రాజ్యాంగంలోనే వుంది.

నాలుగోది. ఆడవాళ్ళకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది. ప్రతి జిల్లాలోనూ న్యాయ సేవాధికార సంస్థ వుంది. 15100 నంబరుకి ఫోను చేసినా దారి చెప్తారు. ఈ నంబరు మీరు రాసుకోవడమే కాదు, మీ ఇంట్లో పనికొచ్చే ఆడవాళ్ళకి కూడా చెప్పండి.

హిస్టరీ షీట్ల విషయంలో కూడా ఈమధ్య మంచి మాటలు వచ్చాయి. అది పోలీసులు తమ దగ్గర వుంచుకోవలసిన కాగితమే తప్ప నలుగురిలో చాటే కాగితం కాదనీ, అందులో పసిపిల్లల వివరాలు ఎక్కించకూడదనీ, వెనకబడిన వర్గాల అమాయకుల పేర్లు ఊరికే చేర్చేస్తున్నారేమో అన్ని రాష్ట్రాలూ చూసుకోవాలనీ 2024 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జూన్‌లో కేరళ హైకోర్టు మరీ స్పష్టంగా, నిఘా పేరుతో అర్ధరాత్రి ఇళ్ళ తలుపులు తట్టే అధికారం పోలీసులకి లేదంది. ఖరక్ సింగ్ అడిగిన న్యాయం ఇన్నేళ్ళ తర్వాత కూడా మళ్ళీ మళ్ళీ చెప్పించుకోవలసి వస్తోందని చింతించాలో, చెప్పే కోర్టులున్నాయని సంతోషించాలో నాకు తెలియదు.

మా పనిమనిషి సంగతి చెప్పలేదు కదూ! అన్నయ్య ఆ ఆదివారమే ఒక అర్జీ రాశాడు. 1962 తీర్పూ, 2017 తీర్పూ అందులో ఉదహరించాడు. మొగుడు సంతకం పెట్టడానికి జంకాడు. 'పెట్టకపోతే మాత్రం నిద్ర పోనిస్తున్నారా?' అని ఆ ఇల్లాలే సంతకం పెట్టింది. పై అధికారి ఒకరికి ఇచ్చివచ్చాం. నేనూ వెంట వెళ్ళాను. ఆయన చదివి, కనుక్కుంటానన్నారు. ఆ తర్వాత రాత్రిపూట తలుపు చప్పుడు ఆగింది. పిల్ల పరీక్షలు రాసింది.

దారిలో ఆటోలో ఆ అమ్మాయితో, 'ఆ మాట నేనే చెప్పాను, తప్పయిపోయింది' అన్నాను. కాసేపు బయటికి చూస్తూ కూర్చుని, 'మీరు కావాలని చెప్పలేదులెండమ్మా' అంది. కావాలని చెప్పలేదు నిజమే. కాని కావాలని ఆపుకోనూ లేదు కదా!

అందుకే చివరగా ఒక్క మాట. ఎవరైనా అధికారి వచ్చి ప్రశ్నలడిగితే తప్పకుండా జవాబు చెప్పండి. కళ్ళారా చూసింది చెప్పండి. అనుకున్నదీ, ఎవరో అనగా విన్నదీ, నమ్మకంతో మనకి చెప్పుకున్నదీ చెప్పకండి. మనకి అది నోటి మాటే. ఆ మాట ఒక చిట్టాలోకి ఎక్కితే ఇంకొకరి తలుపు మీద ఎన్నేళ్ళు చప్పుడవుతుందో మనకి తెలియదు.